స్పామ్‌లో చూశారా?

కుందుకడవు బస్టాండు వెనక సందులో ఉన్న సుగతన్ కంప్యూటర్ దుకాణానికి వచ్చేవాళ్ళలో సగం మందిది ఒకటే గోల. మెయిలు రాలేదు. పరీక్ష హాల్‌టికెట్టు రాలేదు, గల్ఫ్ కంపెనీవాళ్ళు పంపామన్న కాగితం రాలేదు, రైలు టికెట్టు రాలేదు. సుగతన్ కుర్చీ ఇటు తిప్పి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, చాలా తీరిగ్గా అడిగేవాడు.

"స్పామ్‌లో చూశారా?"

చూసి ఉండరు. ఆ మాటకు అర్థం కూడా చాలామందికి తెలియదు. అప్పుడు వాళ్ళ ఫోను అందుకుని, మెయిలు కంపెనీ తనకు అనుమానం వచ్చిన ఉత్తరాలన్నీ విసిరేసే ఆ అర తెరిచి, లాటరీ ప్రకటనల మధ్య నుంచి వాళ్ళ ఉత్తరాన్ని చిటికెలో పైకి తీసేవాడు. "ఇదిగో, కళ్ళ ముందే ఉంది. కాస్త చూసుకోవాలి" అని ఒక చురక వేసి ఫోను చేతిలో పెట్టేవాడు. చెడ్డవాడని కాదు. అడిగినవాళ్ళకు కాదనకుండా పని చేసిపెట్టే మనిషే. కానీ తనకు తెలిసి ఎదుటివాడికి తెలియనిది ఒకటి దొరికితే దాన్ని కాసేపు చప్పరించకుండా వదిలిపెట్టలేడు.

ఇప్పుడా మాట అతని నోట రాదు. ఎవరైనా మెయిలు రాలేదంటే మొహం పక్కకు తిప్పుకుని, "ఉండండి, చూద్దాం" అంటాడు. గోడ మీద వేలాడే పెద్ద ఫోటో కూడా ఇప్పుడు లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

సుగతన్ పుట్టింది ఏటికి అవతల, మణలిలో. అప్పటికి వంతెన లేదు. బడికి రావాలంటే చాత్తుక్కుట్టి పడవే దిక్కు. పడవ ఇవతల ఉన్నప్పుడు అవతలి గట్టుకు వచ్చినవాడు రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని "పూయ్" అని కేక పెట్టాలి. కాసేపటికి ఇటునుంచి చాత్తుక్కుట్టి గొంతు "పూయ్" అంటుంది. అంతే, ఇక రాతి మీద కూర్చోవచ్చు, పడవ వస్తుంది. గడ చేతికి తీసుకున్నాకే చాత్తుక్కుట్టి బదులు పలికేవాడు. వాన కొడుతున్నా సరే, పిలిచింది సంచి తగిలించుకున్న పిల్లవాడైనా సరే, పంచాయతీ ప్రెసిడెంటుకు పలికినట్టే పలికేవాడు. బడికి ఆలస్యమై సుగతన్ ఏడుపు గొంతుతో పిలిచిన పొద్దుల్లో ఎన్నోసార్లు సగం దూరం వెళ్ళిన పడవ వెనక్కి తిరిగింది. పడవలోవాళ్ళు తిట్టేవాళ్ళు. చాత్తుక్కుట్టి తిట్లు వినపడనట్టు గడ వేసేవాడు.

తర్వాత వంతెన వచ్చింది, రేవు పోయింది. సుగతన్ చదువు కూడా ఎక్కడో మధ్యలో పోయింది. టైపు నేర్చుకున్నాడు. ఊళ్ళోవాళ్ళకు టైపు అవసరం తీరిపోయేసరికి కంప్యూటర్ మీద పెళ్ళి కార్డులు వెయ్యడం నేర్చుకున్నాడు. ఆ తర్వాత ఫ్లెక్సీ బోర్డులు, ఆ తర్వాత వెబ్‌సైట్లు. రబ్బరు సొసైటీకీ, రెండు బడులకూ, ఒక కల్యాణ మండపానికీ వెబ్‌సైట్లు అతను చేసినవే. భార్య ప్రసన్న పాల సొసైటీలో పనిచేస్తుంది. "మా ఆయనకి రాని పని ఉంటే అది ఇంకా కనిపెట్టలేదని అర్థం" అనేది నలుగురిలో. ఇంట్లో మాత్రం ఫ్యాను బాగుచెయ్యమని ఆరు నెలలుగా అడుగుతోంది.

మా ఊరి పాలియేటివ్ క్లినిక్ ఊరివాళ్ళే నడుపుకునేది. మంచాన పడ్డవాళ్ళు, పెద్ద జబ్బుతో ఇక ఆసుపత్రులవల్ల కాదనిపించుకుని ఇంటికి వచ్చినవాళ్ళు, వాళ్ళ దగ్గరికి నర్సు జీపులో వెళుతుంది. పుండ్లు కడుగుతుంది, గొట్టాలు మారుస్తుంది, నొప్పి మందు ఇస్తుంది. ఆ మందు మందుల షాపుల్లో దొరికేది కాదు, క్లినిక్ నుంచే రావాలి. నర్సు పేరు రంలత్. సుగతన్ కన్నా పెద్దది, అందరికీ ఇత్త, అంటే అక్క. సెక్రటరీ అలవి మాష్, లెక్కల మేష్టరుగా రిటైరైనవాడు, సుగతన్‌కు బడిలో చెవులు మెలేసినవాడు.

ఒకరోజు మాష్ దుకాణానికి వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

"రంలత్‌కి నోట్లో ముద్ద పెట్టుకునే టైము ఉండట్లేదురా సుగతా. పుండు కడుగుతూంటే ఫోను, మందు పడుతూంటే ఫోను. నీ కంప్యూటర్‌తో ఏదన్నా చెయ్యి."

"ఫారం పెడదాం మాషే. పేరు, ఇల్లు, జబ్బు రాసి నొక్కితే చాలు. మెయిలు తిన్నగా ఇత్త పెట్టెలో పడుతుంది. తను తీరిక చూసుకుని చదువుకుంటుంది."

"మరి ఫోను నంబరు తీసేద్దామా?"

"ఫారం ఉండగా ఫోనెందుకు?" అన్నాడు సుగతన్.

ఆ వెబ్‌సైటు ఉచితంగా చేశాడు. అందులో అతను అన్నిటికన్నా మురిసిపోయి చేసింది, నొక్కిన తర్వాత కనిపించే పేజీ. పెద్ద ఆకుపచ్చ టిక్కు, కింద జోడించిన చేతులు, ఆ కింద, "మీ మాట మాకు అందింది. ఒక్క రోజులో మా నర్సు మీ గుమ్మంలో ఉంటుంది." మెయిలు రంలత్ పెట్టెకు చేరినా చేరకపోయినా ఆ పేజీ మాత్రం ఠంచనుగా కనిపిస్తుంది. అది దాని పని. ఆ సంగతి తెలిసినవాడు ఊళ్ళో సుగతన్ ఒక్కడే.

మొదటిరోజు రంలత్‌ను పక్కన కూర్చోబెట్టుకుని తన పేరుతోనే ఒక ఫారం నింపి పంపాడు. రాలేదు. వెతికితే స్పామ్‌లో ఉంది.

"ఇదేంటి సుగతా, లాటరీ వాళ్ళ పక్కన పడింది?"

"కొత్త కదా ఇత్తా. అలవాటు పడుతుంది" అని, ఆ ఉత్తరం మీద 'ఇది స్పామ్ కాదు' అని నొక్కాడు. రెండోసారి పంపింది తిన్నగా వచ్చింది. మూడోసారిదీ వచ్చింది. వస్తుంది మరి, తన పేరును ఆ పెట్టెకు తనే పరిచయం చేశాడు. ముక్కూమొహం తెలియనివాడు రాస్తే ఏమవుతుందో అతను చూడలేదు.

ఎందుకలా పడిందో అతనికి తెలియక కాదు. రంలత్ ఒక్క నొక్కుతో జవాబు రాసుకునేలా, ఫారం నింపినవాళ్ళ పేరుతోనే ఆ మెయిలు బయలుదేరేలా ఏర్పాటు చేశాడు. అది అతని తెలివి. కానీ ఎవరి పేరో పెట్టుకుని ఎక్కడి యంత్రం నుంచో వచ్చే ఉత్తరాన్ని మెయిలు కంపెనీలు దొంగ ఉత్తరమనే అనుకుంటాయి. క్లినిక్ పేరుతోనే పంపాలి. ఆ పేరుతో ఉత్తరం పంపే హక్కు ఏ యంత్రానికి ఉంది, మన ఉత్తరం మీద ఏ ముద్ర ఉంటుంది, ముద్ర లేనిదాన్ని ఏం చెయ్యాలి, ఈ మూడూ మూడు పంక్తుల్లో వెబ్‌సైటు చిరునామాకు జోడించి రాసి పెట్టాలి. సైటుకు చోటు అద్దెకిచ్చిన కంపెనీ ఆ సంగతి చెబుతూ అతనికి రాసింది కూడా. పూట పని. రబ్బరు సొసైటీకైతే ఆ రోజే చేసిపెట్టేవాడు. ఉచితంగా చేస్తున్నదానికి ఇంతకన్నా ఏం చేస్తాంలే అనుకున్నాడు. ఆ మాట పైకి ఎవరితోనూ అనలేదు. మనసులోనే అనుకున్నాడు. ఇప్పుడు అతన్ని ఎక్కువగా కోసేది ఆ మాటే.

జనవరిలో గ్రంథాలయం హాల్లో మీటింగు పెట్టి సుగతన్‌కు పొన్నాడ శాలువా కప్పారు. మాష్ కళ్ళు తుడుచుకుంటూ మాట్లాడాడు. ఆ శాలువాతో దిగిన ఫోటోను సుగతన్ తన ప్రింటరు మీదే పెద్దదిగా తీసి, ఫ్రేము కట్టించి, దుకాణంలో లోపలికి వచ్చేవాళ్ళకు ఎదురుగా కనిపించే గోడకు కొట్టాడు.

అక్కడితో ఆగినా కొంత నయమే. ఏప్రిల్‌లో మా కొత్త ఏడాది పండుగ, విషు, వచ్చింది. విషు తెల్లవారుజామున కళ్ళు తెరవగానే కణి చూడాలి. పసుప్పచ్చని రేలపూలు, దోసకాయ, కొబ్బరి, అద్దం, దీపం, అవి చూస్తే ఏడాదంతా బాగుంటుందని. పొద్దున్నే లేచి ఫోను చూడనివాళ్ళు ఇప్పుడు ఎవరున్నారు? అందుకని క్లినిక్ తరఫున, చీకటితోనే అందరి పెట్టెల్లోకి కణి బొమ్మ చేరేటట్టు సుగతన్ ఒక మెయిలు కట్టాడు. చిరునామాలు ఎక్కడివి? చందా ఇచ్చినవాళ్ళవి, వాలంటీర్లవి, ఇన్నేళ్ళుగా క్లినిక్ చూసిన రోగుల ఇళ్ళవాళ్ళవి, అన్నీ. ఆ రోగుల్లో చాలామంది పోయారు. వాళ్ళ పిల్లలకు పండగపూట కళ్ళు తెరవగానే పాలియేటివ్ క్లినిక్ పేరు, కింద "ఈ ఏడంతా మీ ఇంట వెలుగే" అన్న మాట కనిపించింది.

ఒకతను మాత్రం జవాబు రాశాడు. 'మా అమ్మ పోయి నెల కాలేదు. నాకు మీరు చూపించే కణి ఇదా?' అని. రంలత్ ఆ ఉత్తరం చూపిస్తే సుగతన్, "ఒకళ్ళకి నచ్చకపోతే ఏం చేస్తాం ఇత్తా, మిగతా అందరికీ నచ్చింది" అన్నాడు. మిగతావాళ్ళు జవాబు రాయలేదంతే. వాళ్ళు పక్కనున్న మీట నొక్కారు. ఇది స్పామ్, ఈ క్లినిక్ నుంచి వచ్చేవి మాకొద్దు అని. అంతమంది ఒక్క పొద్దున అలా నొక్కితే మెయిలు కంపెనీలు ఊరుకోవు. ఆ నాటి నుంచి క్లినిక్ వెబ్‌సైటు నుంచి ఏది బయలుదేరినా చెత్తకిందే జమ.

రంలత్ పెట్టెకు ఫారాలు రావడం ఆగిపోయింది. ఎవరూ రాయడం లేదేమో అనుకుందామె. మన జనానికి నోటితో చెప్పడమే అలవాటు, ఎదురుపడినప్పుడు చెబుతున్నారుగా అనుకుంది. జీపు చేతినిండా పనితోనే తిరుగుతోంది. సుగతన్‌ను అడగాల్సిన అవసరం ఆమెకు కనిపించలేదు.

జూలై ఆఖరున, కర్కాటకం నెల వానల్లో ఒక మధ్యాహ్నం రజిత దుకాణానికి వచ్చింది. చాత్తుక్కుట్టి కూతురు, సుగతన్‌ను ఏట్టా, అంటే అన్నా అని పిలిచేది. కోయంబత్తూరులో కాపురం. తండ్రికి బాగాలేదని వచ్చి నెలల తరబడి మణలిలోనే ఉండిపోయింది. చాత్తుక్కుట్టి పోయిన సంగతి సుగతన్‌కు తెలుసు. కూడలిలో పెట్టిన సంతాపం ఫ్లెక్సీ తనే ప్రింటు తీశాడు. అంత్యక్రియల రోజు వాన ఎక్కువగా ఉండి వెళ్ళలేకపోయాడు.

గొడుగు బయట ఆనించి, పైటలో చుట్టుకొచ్చిన చిన్న ఫోటో తీసి బల్ల మీద పెట్టింది.

"దీన్ని పెద్దది చెయ్యాలి సుగతేట్టా. పదహారో రోజు కర్మకి కావాలి."

పడవ మీద నిలబడ్డ చాత్తుక్కుట్టి. చేతిలో గడ. సుగతన్ దాన్ని స్కాన్ చేస్తూ అడగాల్సినవి అడిగాడు.

"చివర్లో బాగా ఇబ్బంది పడ్డాడా?"

"ఎముకల్లోకి దిగిపోయింది. పక్కమీద తిప్పితే చాలు, అరిచేవాడు. తర్వాత్తర్వాత అరిచే ఓపిక కూడా లేదు, కళ్ళల్లోంచి నీళ్ళు కారేవి. వానలో ఆ బురదదారి మీద ఆటోలో వేసుకుని ఒక్కసారి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. ఆ కుదుపులకి ఇక నన్ను కదపొద్దన్నాడు."

"పాలియేటివ్ వాళ్ళకి చెప్పాల్సింది. ఇత్త ఇంటికొచ్చి నొప్పి మందు ఇచ్చేది కదా."

"రాశాను సుగతేట్టా. వెబ్‌సైటులో. జూన్‌లో, మిథునం నెల మొదట్లోనే రాశా. ఎవరూ రాలేదు."

ఆ క్షణాన సుగతన్ బుర్ర పని చెయ్యలేదు. ఇన్నేళ్ళ అలవాటు పని చేసింది. కుర్చీ ఇటు తిప్పి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, చాలా తీరిగ్గా అన్నాడు.

"స్పామ్‌లో చూశావా?"

రజిత అతని వంక అర్థం కానట్టు చూసింది. మాటలో కోపం లేదు.

"నేను చూడ్డమేంటి సుగతేట్టా? రాసింది నేను. చూడాల్సింది వాళ్ళు కదా."

సుగతన్ కళ్ళజోడు కిందికి దించుకున్నాడు. కంప్యూటర్ తెర మీద గడ పట్టుకున్న చాత్తుక్కుట్టి. దాని వెనక గోడ మీద శాలువా కప్పుకున్న సుగతన్. ఫోటో ఎంత పెద్దది కావాలో అడిగాడు, ఆమె చెప్పింది, మళ్ళీ అడిగాడు.

"మాకు రాజకీయంగా ఎవరూ లేరనేమో" అంది రజిత గొడుగు తీసుకుంటూ. "లేకపోతే మణలి దాకా రావడం వాళ్ళకి దూరమేమో. పోనీలెండి, అయిపోయిందిగా."

ఆమె సందు దాటేదాకా ఆగి, దుకాణం షట్టరు దించి, తడుస్తూనే క్లినిక్‌కు వెళ్ళాడు. రంలత్ సంచిలో దూది సర్దుకుంటోంది.

"ఇత్తా, మీ మెయిలు పెట్టె ఒకసారి తెరవండి."

తెరిచారు. స్పామ్ అర నొక్కాడు. అప్పులిస్తామనేవాళ్ళు, బంగారు బహుమతులు ఇస్తామనేవాళ్ళు, మధ్యమధ్యలో మనుషులు. ఒకావిడ, భర్తకు పక్షవాతం, మూత్రం గొట్టం మార్చాలి. ఒకతను, తల్లికి పుండు వాసన వస్తోంది, ఎవరినైనా పంపండి. రంలత్ ఒక్కొక్కటే చదువుతూ కిందికి పోతోంది. సుగతన్ మిథునం మొదటికి వెళ్ళాలని చూశాడు. అక్కడిదాకా లేదు. స్పామ్‌లో పడ్డది నెల దాటితే దానంతటదే చెరిగిపోతుంది. ఆ సంగతి తెలియనివాళ్ళను అతను ఎంతమందిని వేళాకోళం చేశాడో. రజిత రాసింది ఆ చెత్తలో కూడా మిగల్లేదు. విషు నుంచి ఇంకా ఎవరెవరు రాశారో, ఎవరు ఏ మంచం మీద నుంచి ఎదురుచూశారో, ఇక ఎవరికీ తెలిసే దారి లేదు. ఫారాల నకలు సైటులో దాచే ఏర్పాటు కూడా అతను చెయ్యలేదు.

రంలత్ ఒక ఉత్తరం దగ్గర ఆగింది. "ఈమె నాకు తెలుసు. రాతిక్వారీ దగ్గర కదీసుమ్మ. పోయిన వారమే రాశారు. బతికే ఉంటుంది." లేచి, జీపు డ్రైవర్‌ను కేకేసి, సంచి భుజానికి తగిలించుకుంది. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"మొదటిరోజు కూడా ఇలాగే అందులో పడింది కదా సుగతా?"

"అవునిత్తా."

"అలవాటు పడుతుందన్నావు."

ఆమె ఇంకేదో అంటుందని, తిడితే బాగుండునని అతను నిలబడ్డాడు. ఆమెకు అంత తీరిక లేదు. జీపు వెళ్ళిపోయింది.

అన్నీ సరిచేశాడు. మెయిలు క్లినిక్ పేరుతోనే వెళ్ళేటట్టు, జవాబు మాత్రం రాసినవాళ్ళకు చేరేటట్టు మార్చాడు. ఆ మూడు పంక్తులూ రాశాడు. పండగ మెయిళ్ళ జాబితా మొత్తం తీసేశాడు. వచ్చిన ప్రతి ఫారం సైటులో కూడా ఉండిపోయేటట్టు చేశాడు. ఆ పెట్టెకు కొత్తవాళ్ళయిన మనుషులను బతిమాలి, వాళ్ళ పేర్లతో రాయించి, ఎక్కడ పడుతుందో చూశాడు. పాడైన పేరు ఒక్కరోజులో బాగుపడదు, కొన్ని వారాలు కొన్ని ఇటు, కొన్ని అటు పడుతూనే ఉన్నాయి. పనంతా కలిపి చూస్తే ముందే చేసి ఉంటే ఒక పూట. అన్నం తింటూ ముద్ద చేతిలో పట్టుకుని కూర్చుంటే ప్రసన్న ఏమైందని అడిగింది. చెప్పలేదు. ఆవిడ దగ్గర పరువు పోతుందని.

కమిటీ మీటింగులో మాష్ లేచాడు. సుగతన్ అప్పటికి మాష్‌తో అన్నది ఒక్కటే, సర్వర్లో ఏదో తేడా ఉంది, సరిచేశాను అని. తేడా చేసిందెవరో అనలేదు. సర్వర్ అంటే మా ఊళ్ళో ఎవరూ కాదనరు, వానను కాదనలేనట్టే.

"మెయిళ్ళు ఎక్కడో ఇరుక్కుపోతున్నాయి. మనకెవరికీ తెలీదు. మన సుగతన్ కనిపెట్టాడు కాబట్టి కదీసుమ్మ ఇవాళ నిద్రపోతోంది. ఇలాంటివాడు ఊరికొకడుండాలి."

చప్పట్లు కొట్టారు. ఎదురుగా రంలత్ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అతను నోరు తెరిచాడు. "మంచినీళ్ళున్నాయా?" అని అడిగాడు. ఆ చప్పట్లలో చెప్పాల్సింది మింగేశాడు. ఇంటికి వెళ్ళే దారిలో దుకాణం తెరిచి, గోడ మీది ఫోటో దించి బీరువా వెనక నిలబెట్టాడు.

పదహారో రోజుకు ముందు సాయంత్రం చాత్తుక్కుట్టి పటం తీసుకుని తనే మణలికి వెళ్ళాడు. వంతెన మీద నడిచే వెళ్ళాడు. పాత రేవు రాళ్ళు వరదనీళ్ళ కింద ఉన్నాయి. రజిత వరండాలో బియ్యం ఏరుతోంది. పటం చూసి, చేతులు తుడుచుకుని, రెండు చేతులతో అందుకుంది.

"మీరెందుకు శ్రమపడ్డారు సుగతేట్టా, నేనే వచ్చేదాన్ని."

"రజితా, నువ్వు రాసింది క్లినిక్‌కి చేరలేదు. వాళ్ళు రాకపోవడం కాదు, వాళ్ళకి తెలీదు." ఒక్కసారి సర్వర్ అన్న మాట నాలిక చివరికి వచ్చింది. మింగాడు. "ఆ సైటు చేసింది నేను. సరిగ్గా చెయ్యలేదు. మొదటిరోజే తెలుసు నాకు, బద్ధకించాను. అంత తేలిగ్గా తీసుకున్నాను."

రజిత పటాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"ఆ ఆకుపచ్చ గుర్తు పెట్టింది కూడా మీరేనా?"

"నేనే."

"రెండోరోజున ఫోను చేద్దాం నాన్నా అన్నాను. నంబరు దొరకలేదు. నడిచి వెళ్ళి అడిగొస్తానన్నాను. ఒప్పుకోలేదు. వాళ్ళు పలికారు కదా అమ్మా, పలికినవాణ్ణి మళ్ళీ పిలవకూడదు, వాడి మాట మీద నమ్మకం లేదన్నట్టు అవుతుంది అన్నాడు. గడ పట్టుకునే పలికి ఉంటారు, దారిలో ఉంటారు అన్నాడు." ఆమె పటం అంచును కొంగుతో తుడిచింది. "ఆ గుర్తు నా ఫోనులో ఫోటో తీసి పెట్టుకున్నాను. నొప్పి ఎక్కువైనప్పుడల్లా చూపించమనేవాడు. చూపించేదాన్ని."

సుగతన్ మెట్టు మీద కూర్చుండిపోయాడు.

"చిన్నప్పుడు మీరు ఈ గట్టునుంచి పిలిచేవాళ్ళు కదా సుగతేట్టా. పలికి రాకుండా ఎప్పుడైనా ఉన్నాడా?"

"లేదు."

ఆమె లోపలికి వెళ్ళింది. గోడకు మేకు కొడుతున్న చప్పుడు వినిపించింది. అతను వెళ్ళి సాయం చెయ్యాలనుకున్నాడు, లేవలేకపోయాడు. కాసేపటికి చప్పుడు ఆగింది. ఆమె మళ్ళీ బయటికి రాలేదు. చీకటి పడుతూంటే లేచి వంతెన దాటి వచ్చేశాడు.

మర్నాడు ఆ పేజీ మార్చాడు. ఆకుపచ్చ టిక్కు తీసేశాడు, జోడించిన చేతులు తీసేశాడు. రంలత్ నంబరు పెద్ద అక్షరాలతో పెట్టాడు. కింద ఇలా రాశాడు: "మీరు రాసింది మా నర్సు ఇంకా చూడలేదు. చూసిన తర్వాత తనే మీకు ఫోను చేస్తుంది. రేపటిలోగా ఫోను రాకపోతే ఈ నంబరుకు పిలవండి. అప్పటికీ రాకపోతే మళ్ళీ పిలవండి. మళ్ళీ పిలిచినందుకు ఎవరూ ఏమీ అనుకోరు."

ఆ పూట కమిటీ వాళ్ళందరూ క్లినిక్‌లోనే ఉన్నారు. మాష్ కళ్ళజోడు పెట్టుకుని తెర మీద చదివాడు.

"ఇదేంట్రా, పాతదే బాగుండేది, చూడ్డానికి నిండుగా. ఇంకా చూడలేదని మనమే చెప్పుకోవడమేంటి? ఈ చివరి ముక్కైతే మరీను. అంత బాధలో ఉన్నవాడు మళ్ళీ పిలవకూడదని ఎవడనుకుంటాడు?"

రంలత్ దూది చుట్టడం ఆపింది. సుగతన్ లేచి నిలబడ్డాడు. ఎవడనుకున్నాడో, ఎందుకనుకున్నాడో, ఆ మనిషి రోజూ దేన్ని చూపించమని అడిగాడో, దాన్ని పెట్టిందెవరో, మొదటిరోజే తెలిసి ఊరుకున్నదెవరో, అన్నీ చెప్పాడు. మధ్యలో ఎవరూ మంచినీళ్ళు తేలేదు. మాష్ కళ్ళజోడు తీసి చాలాసేపు పంచె కొంగుతో తుడుస్తూనే ఉన్నాడు. ఆ చివరి ముక్క మాత్రం తియ్యమనలేదు.